రాళ్లను చదివిన గురువు

మన పూర్వులు చెప్పిన అరవైనాలుగు కళలలో రత్నపరీక్ష ఒకటి. ఆరవ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వజ్రం, ముత్యం, పద్మరాగం, మరకతం మొదలైన వాటి గుణదోషాలను ప్రత్యేకంగా వివరించాడు. రంగు, కాంతి, బరువు, నునుపు వంటి లక్షణాలను బట్టి మేలైన రత్నాన్ని నాసిరకం నుంచి వేరు చేయడం ఆనాటి పరీక్షకుల విద్య. అయితే ఆ గౌరవం ప్రధానంగా విలువైన రత్నాలకే దక్కింది. కాలికింద పడి ఉండే సామాన్యమైన రాయిని కూడా అంతే శ్రద్ధతో చేతిలోకి తీసుకొని, దాని లక్షణాలను క్రమంగా పరిశీలించి, దానికొక పేరును, ఒక స్థానాన్ని కల్పించిన పండితుడొకడు పద్దెనిమిదవ శతాబ్దంలో ఐరోపాలో ఉండేవాడు. ఆయనే అబ్రహాం గాట్లోబ్ వెర్నర్.

వెర్నర్ ఒక ఖనిజానికి అపటైట్ అని పేరు పెట్టాడు. మోసగించడం అనే అర్థం గల గ్రీకు పదం నుంచి ఆ పేరు పుట్టింది. పైరూపాన్ని చూసి మోసపోరాదని జీవితమంతా శిష్యులకు బోధించిన ఆ గురువు, ఒక ముఖ్యమైన విషయంలో తానే మోసపోయాడు. ఆ తప్పును గుర్తించి దిద్దినవారిలో ఆయన శిష్యులే ముందున్నారు. వెర్నర్ జీవితం నుంచి మనం గ్రహించవలసిన విశేషం ఇక్కడే ఉంది.

వెర్నర్ 1749వ సంవత్సరం సెప్టెంబరు 25వ తేదీన వేరౌ అనే ఊరిలో జన్మించాడు. ఆనాడు జర్మన్ భాషాప్రాంతంలో ఉన్న ఆ ఊరు నేడు పోలెండ్ దేశంలో ఉంది. ఆయన వంశంవారు తరతరాలుగా గనుల పనిలోను, లోహాలను కరిగించే పనిలోను ఆరితేరినవారు. తండ్రి ఇనుప కర్మాగారంలో పర్యవేక్షకుడు. ఇంట్లో తండ్రి సమకూర్చుకొన్న ఖనిజాలు కొన్ని ఉండేవి. కొలిమి మంటలు, కరిగే ముడిలోహం, రంగురంగుల రాళ్లు - ఇవే ఆ బాలుడు ఎరిగిన లోకం. అక్షరాలతోపాటు రాళ్ల పేర్లు కూడా నేర్చుకొంటూ పెరిగాడు. పదిహేనవ ఏటికే తండ్రికి సహాయకుడిగా కర్మాగారంలో చేరాడు. బాల్యం నుంచి ఆరోగ్యం అంతంతమాత్రమే. శరీరం బలహీనమైనా చూపు మాత్రం చురుకైనది.

1769లో వెర్నర్ శాక్సనీ ప్రాంతంలోని ఫ్రైబెర్గ్ పట్టణంలో గని విద్యాలయంలో చేరాడు. ఫ్రైబెర్గ్ పన్నెండవ శతాబ్దం నుంచి వెండి గనులకు ప్రసిద్ధి పొందిన పట్టణం. అక్కడి విద్యాలయం 1765లో స్థాపితమైంది. గనుల తవ్వకాన్ని కేవలం అనుభవంతో నేర్చుకొనే వృత్తిగా కాక, శాస్త్రంగా బోధించడం దాని ఆశయం. రెండేళ్లు అక్కడ చదివిన తరువాత వెర్నర్ ప్రభుత్వోద్యోగానికి అవసరమైన న్యాయశాస్త్రం కోసం లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. కాని మనసు న్యాయసూత్రాల మీద నిలువలేదు. 1774లో, ఇరవై అయిదేళ్లు నిండకముందే, ఖనిజాల బాహ్యలక్షణాలను గురించి ఒక చిన్న గ్రంథాన్ని ప్రకటించాడు. ఆ చిన్న గ్రంథమే ఆయనకు పెద్ద పేరు తెచ్చింది.

ఆ గ్రంథం అవసరమెంతటిదో తెలుసుకోవాలంటే ఆనాటి పరిస్థితిని గమనించాలి. ఒక లోయలోని గని కార్మికులు ఒక రాయిని ఒక పేరుతో పిలిస్తే, పక్క లోయవారు మరో పేరుతో పిలిచేవారు. రెండు వేరువేరు రాళ్లకు ఒకే పేరుండటం కూడా ఉన్నదే. ఒకరు పచ్చనిదని రాసిన ఖనిజం మరొకరికి నీలంగా తోచేది. రసాయన విశ్లేషణ అప్పటికి శైశవదశలో ఉంది. పైగా విశ్లేషించాలంటే రాయిని పొడి చేయాలి, ఆమ్లాలలో కరిగించాలి. గని లోపల దీపం వెలుగులో నిలబడిన మనిషికి ఆ సౌకర్యం ఎక్కడిది? అతనికున్న పనిముట్లు కన్ను, చేయి, ముక్కు, నాలుక మాత్రమే. ఈ ఇంద్రియ జ్ఞానానికే ఒక క్రమాన్ని, ఒక భాషను ఏర్పరచాలని వెర్నర్ సంకల్పించాడు.

రాయి రంగు, అణువుల కూర్పు వల్ల కలిగే గట్టిదనం, తాకినప్పుడు తెలిసే జిడ్డుదనం, చల్లదనం, బరువు, వాసన, రుచి - ఇలా ఏ లక్షణాన్ని ఎలా పరీక్షించాలో, ఎలాంటి మాటలతో వర్ణించాలో ఆయన వివరించాడు. తెలుపు, బూడిద, నలుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, గోధుమ అనే ఎనిమిది రంగులను ప్రధానంగా గ్రహించి, వాటి ఛాయాభేదాలకు విడివిడిగా పేర్లు పెట్టాడు. ఈ వర్ణక్రమాన్ని ఆధారం చేసుకొని పాట్రిక్ సైమ్ అనే చిత్రకారుడు 1814లో ఎడింబరోలో ఒక రంగుల పుస్తకాన్ని వెలువరించాడు. తరువాతి కాలంలో చార్లెస్ డార్విన్ బీగిల్ నౌకలో ప్రపంచయాత్ర చేస్తూ తాను చూసిన జీవుల రంగులను రాసుకోవడానికి ఆ పుస్తకాన్నే వెంట ఉంచుకొన్నాడు. రాళ్ల కోసం పుట్టిన భాష ఆ విధంగా పక్షులకు, చేపలకు, పువ్వులకు కూడా ఉపకరించింది.

గ్రంథం వెలువడిన మరుసటి ఏడాది, 1775లో, ఫ్రైబెర్గ్ విద్యాలయం ఆయనను ఆచార్యుడిగాను, ఖనిజ సంగ్రహానికి పర్యవేక్షకుడిగాను ఆహ్వానించింది. ఆనాడు చేపట్టిన పదవిని ఆయన నలభై రెండేళ్లపాటు, తుదిశ్వాస వరకు, విడువలేదు. వివాహం చేసుకోలేదు. విద్యాలయమే గృహం, శిష్యులే కుటుంబం.

వెర్నర్ దృష్టిలో ఖనిజ సేకరణ ధనవంతుల వినోదం కాదు. ఆ కాలంలో రాజులు, ప్రభువులు అందమైన స్ఫటికాలను అద్దాల బీరువాలలో అలంకరించుకొనేవారు. ఆ వస్తువు ఎక్కడ దొరికిందో చాలామందికి పట్టేది కాదు. వెర్నర్ సేకరణను అయిదు విధాలుగా విభజించాడు. లక్షణాలను నేర్పడానికి ఒకటి, ఖనిజజాతులను వర్గీకరించడానికి ఒకటి, భూమి పొరల స్వరూపాన్ని తెలపడానికి ఒకటి, ఒక ప్రాంతపు ఖనిజసంపదను చూపడానికి ఒకటి, మానవుల అవసరాలకు పనికివచ్చే ఖనిజాలను చూపడానికి మరొకటి. ఒకే రాయి తాను నిలిచిన వరుసను బట్టి వేరువేరు పాఠాలు చెబుతుంది. దొరికిన చోటు తెలియని నమూనా ఊరూ పేరూ లేని మనిషి వంటిది. అది ఎంత అందమైనదైనా దాని చరిత్రను మనకు చెప్పలేదు. అందువల్ల నమూనాతోపాటు దాని జన్మస్థలాన్ని, దానితో కలిసి పుట్టిన ఇతర ఖనిజాలను కూడా నమోదు చేయడం సేకర్త ధర్మం.

శాక్సనీకి దక్షిణాన ఎర్ట్స్‌గెబిర్గె అనే పర్వతశ్రేణి ఉంది. ఆ మాటకు ముడిలోహాల పర్వతాలు అని అర్థం. అక్కడి తగరపు గనులలో ఆరు పలకల స్తంభాల ఆకారంలో కొన్ని స్ఫటికాలు దొరికేవి. కొన్ని ఆకుపచ్చగా, కొన్ని ఊదారంగులో, మరికొన్ని నీలంగా ఉండేవి. వాటిని కొందరు బెరిల్ అనుకొన్నారు. కొందరు టూర్మలిన్ అన్నారు. మరికొందరు ఫ్లోరైట్ అన్నారు. వెర్నర్ వాటి లక్షణాలన్నింటినీ కలిపి చూసి, ఇది వేరొక ఖనిజమని నిర్ణయించాడు. ఇంతమందిని భ్రమింపజేసినందుకు 1786లో దానికి అపటైట్ అని నామకరణం చేశాడు. దాదాపు అదే కాలంలో బెర్లిన్‌కు చెందిన క్లాప్‌రోత్ అనే రసాయన శాస్త్రవేత్త దానిని విశ్లేషించి, అందులో సున్నంతోపాటు భాస్వరానికి సంబంధించిన ఆమ్లం ఉందని వెల్లడించాడు.

ఇది సామాన్యమైన విషయం కాదు. భాస్వరాన్ని మొదట 1669లో హాంబర్గ్ నగరంలో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది మానవ మూత్రం నుంచి వేరుచేశాడు. శతాబ్దం గడిచాక స్వీడన్ శాస్త్రజ్ఞులు ఎముకలలో దానిని కనుగొన్నారు. అందువల్ల భాస్వరం జీవుల శరీరాలకు సంబంధించిన పదార్థమనే భావన ప్రబలంగా ఉండేది. అటువంటి పదార్థం ప్రాణం లేని శిలలలో కూడా ఉందని తెలియడం ఒక కొత్త అధ్యాయానికి నాంది. మన దంతాలలో, ఎముకలలో గట్టిదనానికి కారణమైన పదార్థం అపటైట్ వర్గానికి చెందినదేనని తరువాతి శాస్త్రజ్ఞులు నిరూపించారు. నేడు పొలాలకు వేసే ఫాస్ఫేటు ఎరువులకు మూలం కూడా ఈ వర్గపు ఖనిజాలే. మన ఆంధ్రదేశంలో విశాఖ మన్యంలోని కాశీపట్నం ప్రాంతం అపటైట్ నిక్షేపాలకు పేరుపొందింది. రాయిలోని భాస్వరం మట్టిలోకి, మట్టి నుంచి పైరులోకి, పైరు నుంచి అన్నంలోకి, అన్నం నుంచి మన ఎముకలలోకి చేరుతుంది.

అపటైట్ విరివిగా దొరికే ఖనిజం. కాని ఫాస్ఫేటు ఖనిజాలలో చాలా అరుదైనవి కూడా ఉన్నాయి. పచ్చని చదరపు రేకుల వలె మెరిసే టార్బెర్నైట్ అటువంటిది. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త టార్బెర్న్ బెర్గ్‌మన్ గౌరవార్థం వెర్నర్ దానికి ఆ పేరు పెట్టాడు. అది రాగి, యురేనియం కలిగిన ఫాస్ఫేటు. గాలి పొడిగా ఉంటే తనలోని నీటిని కోల్పోయి క్రమంగా మారిపోతుంది. వాడిపోయే పువ్వును దాచుకొన్నంత జాగ్రత్తగా దానిని కాపాడాలి. దానికి రేడియోధార్మికత ఉందన్న సంగతి మాత్రం వెర్నర్ మరణించిన ఎన్నో ఏళ్లకు గాని లోకానికి తెలియలేదు.

వెర్నర్ కీర్తి దేశదేశాలకు వ్యాపించింది. ఆయన పాఠం వినడానికి ఐరోపా నలుమూలల నుంచి యువకులు ఫ్రైబెర్గ్‌కు చేరారు. దక్షిణ అమెరికా ఖండాన్ని పరిశోధించిన అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్, గొప్ప భూవిజ్ఞాని లియోపోల్డ్ ఫాన్ బూఖ్, బ్రెజిల్ స్వాతంత్ర్యానికి మూలపురుషుడుగా పేరొందిన జోసే బొనిఫాసియో, మెక్సికోలో వెనేడియం మూలకాన్ని కనుగొన్న డెల్ రియో, ఎడింబరో ఆచార్యుడు రాబర్ట్ జేమ్సన్ ఆయన శిష్యులు. జర్మన్ కవి నోవాలిస్ కూడా ఆయన వద్ద చదివినవాడే. ఆ కవి తన రచనలలో చిత్రించిన గురువు పాత్రకు వెర్నర్ ప్రేరణ అని సాహిత్య విమర్శకులు భావిస్తారు. ఇంతటి గురువుకు రాయడమంటే మాత్రం విముఖత. ఉత్తరాలకు జవాబు రాయడం కూడా వాయిదా వేసేవాడు. ఆయన గ్రంథాలు కొద్ది. ఆయన విద్య ప్రధానంగా శిష్యుల నోళ్ల ద్వారా, వారు రాసుకొన్న పాఠాల ద్వారా లోకానికి అందింది. గురుముఖతః నేర్చిన విద్యకు గల బలం ఎంతటిదో మన సంప్రదాయం ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ బలంలోనే ఒక ప్రమాదం కూడా దాగి ఉంది. గురువు మాట మీద అపారమైన విశ్వాసం ఉన్నచోట గురువు పొరపాటు కూడా సత్యంగా చలామణి అవుతుంది.

భూమి మీది శిలలు దాదాపు అన్నీ ఆదిలో భూమిని కప్పివేసిన మహాసముద్రం నుంచి పొరలు పొరలుగా పేరుకొన్నవని వెర్నర్ సిద్ధాంతం. సముద్రదేవత పేరు మీద దానికి నెప్ట్యూనిజం అనే పేరు వచ్చింది. అగ్నిపర్వతాలు భూమిలోని బొగ్గు పొరలు అంటుకొని మండటం వల్ల ఈ మధ్యకాలంలో పుట్టినవని, శిలల నిర్మాణంలో వాటి పాత్ర స్వల్పమని ఆయన భావించాడు. శాక్సనీలోని షైబెన్‌బెర్గ్ కొండ మీద ఇసుక, బంకమన్ను పొరల పైన నల్లని బసాల్టు శిల ఉండటం చూసి, ఆ పొరలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నట్లు గమనించి, బసాల్టు కూడా నీటి నుంచే పుట్టిందని నిశ్చయించాడు. అప్పటికే ఫ్రాన్సు దేశంలోని ఒవెర్న్ ప్రాంతంలో దెమారె అనే పరిశోధకుడు బసాల్టు అగ్నిపర్వతాల లావా అని చెప్పి ఉన్నాడు. స్కాట్లండ్‌లో జేమ్స్ హట్టన్ భూగర్భంలోని వేడికి శిలానిర్మాణంలో ప్రధానమైన పాత్ర ఉందని ప్రతిపాదించాడు. వెర్నర్ వారితో ఏకీభవించలేదు. ఐరోపా శాస్త్రలోకం నీటి పక్షం, నిప్పు పక్షం అని రెండుగా చీలి దశాబ్దాలపాటు వాదించుకొంది.

వెర్నర్ ఎందుకు పొరపడ్డాడు? ఆయన పరిశీలన లోపభూయిష్టమైనది కాదు. పొరల పైన బసాల్టు ఉన్నమాట నిజమే. మన రాజమహేంద్రవరం పరిసరాలలో కూడా లావా శిలలు, నీటిలో పేరుకొన్న పొరలు ఒకదానిపై ఒకటి ఉండటం చూడవచ్చు. నీటి పొరల మీదికి లావా ప్రవహించి గడ్డకడితే అటువంటి దృశ్యమే మిగులుతుంది. వెర్నర్ ఎక్కువగా తిరిగినది శాక్సనీ ప్రాంతం. అక్కడ మండే అగ్నిపర్వతం లేదు. చేతిలోని రాయిని ఆయన సంపూర్ణంగా చూశాడు గాని, ఆ రాయి పుట్టుకను చూసే అవకాశం ఆయనకు కలుగలేదు. శాక్సనీలో తాను చూసినదే లోకమంతటా ఉంటుందని తలచాడు. అంతటి మేధావికి కూపస్థమండూక న్యాయాన్ని అన్వయించడం కష్టంగానే ఉంటుంది. కాని ఆయనను మోసగించినది రాయి కాదు, తాను చూసినంతే లోకమనే నమ్మకం.

శిష్యులు ఆ ఎల్లను దాటి వెళ్లారు. ఫాన్ బూఖ్ ఇటలీకి వెళ్లి వెసూవియస్ అగ్నిపర్వతాన్ని చూశాడు. 1802లో ఒవెర్న్ కొండలను పరిశీలించాడు. గురువు చెప్పినది అక్కడ నిలువలేదు. గురువు మీది గౌరవం ఒకవైపు, కన్నులెదుట ఉన్న సత్యం మరొకవైపు. కొంతకాలం సంకోచించాడు. చివరకు సత్యం వైపే మొగ్గాడు. దోబ్యుసన్ అనే ఫ్రెంచి శిష్యుడు శాక్సనీ బసాల్టు నీటిలో పుట్టిందని గురువును సమర్థిస్తూ 1803లో గ్రంథమే ప్రకటించాడు. తరువాత ఒవెర్న్‌కు వెళ్లి చూసి, తన అభిప్రాయం తప్పని బహిరంగంగా అంగీకరించాడు. హంబోల్ట్ ఆండీస్ పర్వతాలలోని అగ్నిపర్వతాలను అధిరోహించి అదే సత్యాన్ని గ్రహించాడు. వారెవ్వరూ గురువును ద్వేషించలేదు. ఆయన నేర్పిన పరిశీలన పద్ధతితోనే ఆయన సిద్ధాంతాన్ని పరీక్షించారు. వెర్నర్ మాత్రం తన మతాన్ని చివరివరకు మార్చుకోలేదు.

శిష్యులలో ఫ్రెడరిక్ మోస్ ప్రత్యేకంగా స్మరింపదగినవాడు. ఖనిజాలు ఒకదానిని ఒకటి గీకగల శక్తిని ఆధారం చేసుకొని అతడు 1812లో ఒకటి నుంచి పది వరకు కాఠిన్య ప్రమాణాన్ని రూపొందించాడు. అందులో మెత్తని టాల్కుది మొదటి స్థానం, వజ్రానిది పదవ స్థానం. నాలుగవ స్థానంలో ఫ్లోరైట్, అయిదవ స్థానంలో అపటైట్ ఉన్నాయి. అంటే అపటైట్ ఫ్లోరైట్‌ను గీకగలదు. బెరిల్, టూర్మలిన్ అపటైట్ కంటె గట్టివి, కనుక అవి దానిని గీకుతాయి. చాకుమొన అపటైట్ మీద గీత పెట్టగలదు, బెరిల్ మీద పెట్టలేదు. ఎందరినో భ్రమింపజేసిన రాయి ఒక చిన్న గీతతో పట్టుబడిపోయింది. గురువు మోసగత్తె అని పేరు పెట్టిన ఖనిజాన్నే శిష్యుడు సత్యానికి కొలమానంగా నిలిపాడు. 1818లో వెర్నర్ ఆచార్యపీఠం ఈ మోస్‌నే వరించింది.

వెర్నర్ ఆరోగ్యం క్రమంగా క్షీణించింది. జీవితమంతా సమకూర్చిన ఖనిజ సంగ్రహం తన తరువాత చెల్లాచెదురు కాకూడదని దానిని ఫ్రైబెర్గ్ విద్యాలయానికే అప్పగించాడు. 1817 జూన్ 30వ తేదీన డ్రెస్డెన్ నగరంలో కన్నుమూశాడు. ఆయన దేహాన్ని ఫ్రైబెర్గ్‌కు తెచ్చి అక్కడి ప్రధాన దేవాలయ ప్రాంగణంలో ఖననం చేశారు.

ఆయన చివరి ఖనిజ వర్గీకరణ ఆ సంవత్సరమే ప్రచురితమైంది. అందులో వివియనైట్ అనే కొత్త పేరు కనిపిస్తుంది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతానికి చెందిన వివియన్ పేరు మీద ఏర్పడిన పేరది. అది ఇనుము కలిగిన ఫాస్ఫేటు. భూమిలో పూడుకుపోయిన ఎముకల మీద కూడా కొన్నిచోట్ల ఏర్పడుతుంది. అప్పుడే చీకటి నుంచి వెలికివచ్చిన వివియనైట్‌కు దాదాపు రంగు ఉండదు, లేదా లేత ఆకుపచ్చగా ఉంటుంది. వెలుగు సోకినకొద్దీ నీలంగా మారి, చివరకు నల్లబడుతుంది. అందువల్ల సేకర్తలు దానిని చీకటి అరలలో భద్రపరుస్తారు. రంగును మొదటి లక్షణంగా బోధించిన ఆచార్యుని చివరి పట్టికలో రంగు నిలువని రాయి చోటు చేసుకోవడం విశేషం. ఒక్క లక్షణాన్ని నమ్మి తీర్పు చెప్పరాదన్న ఆయన బోధకు అంతకంటె మంచి ఉదాహరణ లేదు.

నేడు ఆరువేలకు పైగా ఖనిజజాతులు గుర్తింపు పొందాయి. వాటిని నిర్ణయించడానికి ఎక్స్ కిరణాలు, సూక్ష్మ విశ్లేషణ యంత్రాలు ఉన్నాయి. అయినా కొండమీద రాయిని చేతిలోకి తీసుకొన్న విద్యార్థి మొదట చేసే పని వెర్నర్ నేర్పినదే. రంగు చూస్తాడు, మెరుపు చూస్తాడు, బరువు అంచనా వేస్తాడు, గీకి చూస్తాడు, దొరికిన చోటును రాసుకొంటాడు. ఆయన సిద్ధాంతం కాలగర్భంలో కలిసిపోయింది. ఆయన పద్ధతి నిలిచింది. తన తప్పును కనుగొనగల చూపును శిష్యులకు ప్రసాదించిన గురువుగా అబ్రహాం వెర్నర్ చిరస్మరణీయుడు.